నదీ చౌర్యానికి గులకరాళ్ల సాక్ష్యం

ఒక నది మరొక నది నీటిని అపహరిస్తుందంటే వింతగా తోచవచ్చును. భూగోళ శాస్త్రంలో దీనికి ‘నదీ చౌర్యం’ అని పేరు. ఇరుగు పొరుగు నదులలో ఒకటి పల్లంలోను, మరొకటి మెరకపైన పారుతున్నపుడు, పల్లపు నదిలో కలిసే వాగుకు వాలు ఎక్కువ. ఆ వాగు తన పుట్టుక వైపునకు నేలను కోసుకొంటూ పోయి మెరకనున్న నదిని తాకితే, ఆ నీరంతా పల్లానికి మళ్లుతుంది. ఎవరూ వ్రాసి ఉంచని కాలంలో జరిగిన ఈ చౌర్యాన్ని నిరూపించడానికి తోడ్పడేవి నదీ వేదికలు.

నది తన లోయలో ఇసుకను, గులకరాళ్లను పరుస్తుంది. భూమి పైకి లేచినపుడు, శీతోష్ణస్థితి మారినపుడు మరింత లోతుకు కోసుకొని పోతే, పాత అడుగు నేల ఒడ్డున మెట్టువలె మిగిలిపోతుంది. అదే వేదిక. సాధారణంగా పై మెట్టు పాతది, కింది మెట్టు కొత్తది.

ఫ్రాన్సు ఈశాన్య భాగంలోని మొజెల్, మ్యూజ్ నదులు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. మొజెల్ వోజ్ పర్వతాలలో పుట్టి, వాయవ్యంగా తూల్ పట్టణం వరకు వచ్చి, అక్కడ మోచేతివలె ఈశాన్యానికి తిరుగుతుంది. తూల్ నుండి పడమటనున్న మ్యూజ్ వరకు విశాలమైన లోయ ఒకటి ఉన్నది. అందులో నేడు పారేది చిన్న వాగు మాత్రమే. మ్యూజ్ కూడా తన పెద్ద లోయలో సన్నగా మెలికలు తిరుగుతుంది. అమెరికన్ భూగోళ శాస్త్రజ్ఞుడు విలియం మోరిస్ డేవిస్ 1896లో ప్రచురించిన వ్యాసంలో ఈ చౌర్యాన్ని చర్చించాడు.

అయితే మలుపు, వట్టి లోయ అనుమానాన్ని మాత్రమే కలిగిస్తాయి. రుజువు రాళ్లలో ఉన్నది. మ్యూజ్ ఎగువ పరీవాహక ప్రాంతంలో గ్రానైటు లేదు; అక్కడ ఎక్కువగా ఉన్నవి సున్నపురాయి, బంకమట్టి. కాని ఆ వట్టి లోయ కలిసే చోటికి దిగువన, మ్యూజ్ పాత వేదికలలో వోజ్ పర్వతాల గ్రానైటు గులకలు కనిపిస్తాయి. వాటిని మోసుకొని రాగలిగినది మొజెల్ ఒక్కటే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పాత వేదిక కోతకు గురైతే అందలి రాళ్లు కొత్త మెట్టులోనికి జారవచ్చును. కనుక గ్రానైటు ఉన్నదా అని మాత్రమే కాక, మెట్టు మెట్టుకూ ఎంత తగ్గినదో చూడాలి. వేదికల వాలును కూడా పరిశీలించాలి. మొజెల్ పాత వేదికలు వట్టి లోయ మీదుగా మ్యూజ్ వైపు వాలుతాయి. కొత్తవి ఈశాన్యంగా మర్త్ నది వైపు వాలుతాయి. ఈ రెండు వరుసల నడుమనే చౌర్యం జరిగినదన్న మాట. వేదికల వయస్సును బట్టి అది సుమారు 2.5 నుండి 3 లక్షల సంవత్సరాల క్రిందటిదని అంచనా.

తరువాత మొజెల్ వేగంగా లోతుకు కోసుకొన్నది. నేడు తూల్ వద్ద దాని మట్టం, పొరుగునున్న మ్యూజ్ మట్టం కంటె సుమారు 40 మీటర్లు తక్కువ. పోయిన నీరు మ్యూజ్‌కు తిరిగి రాలేదు. ఆ నీరు తెచ్చిన రాళ్లు మాత్రం దాని ఒడ్డున నిలిచి ఉన్నవి.