తొలిచూలు స్త్రీ – ప్రసవ సూచనలు

కల్పసూత్రములోని త్రిశలాదేవి గర్భవృత్తాంతము పర్యూషణ దినములలో ఏటేట వినుచున్నదే. పదునాలుగు స్వప్నముల ఘట్టము అందరికిని జ్ఞాపకముండును. దాని తరువాత వచ్చు చిన్న ఘట్టమును పెక్కుమంది విని మరచిపోవుదురు. తల్లికి శ్రమ కలుగరాదని గర్భస్థుడైన వర్ధమానుడు కదలక మెదలక యుండెనట. బిడ్డ కేమైనదోయని త్రిశలాదేవి తల్లడిల్లినది. రాజగృహమున వాద్యములు నిలిచిపోయినవి, ఇల్లంతయు శోకమున మునిగినది. అది యెరిగి ఆయన కొంచెము కదలగా తల్లి ప్రాణము కుదుటపడినది. శ్వేతాంబర సంప్రదాయమున వచ్చు ఈ కథను వైద్యదృష్టితో చూచినచో ఒక సంగతి స్పష్టమగును. కడుపులోని బిడ్డ కదలిక తగ్గినదని మొట్టమొదట గ్రహింపగలది తల్లి యొక్కతెయే. ఆమె చెప్పినంతనే ఇంటివారు నమ్మిరి. "ఏమీ కాదులే, పరుండు" మని ఎవరును అనలేదు.

ఆ గ్రంథమే గర్భవాస కాలమును తొమ్మిది నెలల ఏడున్నర దినములని చెప్పుచున్నది. నేటి వైద్యులు కడపటి ముట్టు మొదటి దినమునకు తొమ్మిది నెలల ఏడు దినములు కలిపి ప్రసవ దినమును కట్టుదురు. ఇది సుమారు 280 దినములు. రెండు లెక్కలు ఇంత దగ్గరగా నుండుట చూచి మురియవచ్చును గాని, మొదటిది గర్భధారణమునుండి, రెండవది ముట్టునుండి కట్టినవి గనుక రెండును ఒకటి కావు. వైద్యులు వ్రాసి యిచ్చు తేదీ హుండీ గడువు వంటిదియు కాదు. ఆనాడే పుట్టు శిశువులు చాల తక్కువ. 37 వారములు నిండినది మొదలు 42 వారముల లోపల ఎప్పుడైనను కాన్పు కావచ్చును. తేదీ ఇంకను పది దినములున్నదని నొప్పులను లెక్కచేయకుండుట, తేదీ దాటినదని నొప్పులు లేకున్నను బెంగపడుట, రెండును తగవు. అయితే తేదీ దాటినచో వైద్యుల పరీక్ష మానరాదు.

మంసాపురము విరుదునగరు జిల్లాలో, రాజపాళయమునకును శ్రీవిల్లిపుత్తూరునకును చేరువగా, పడమటి కనుమల దాపున నున్న ఊరు. ఈ ప్రాంతమున తెలుగు మాటాడు కుటుంబములు తరతరములుగా నున్నవి. ఇట్టి ఊరిలో దుకాణము పెట్టుకొన్న ఒక జైన గృహమునకు ఆంధ్రమునుండి వచ్చిన కోడలు, ఏ కారణము చేతనో తొలికాన్పునకు పుట్టింటికి పోక అత్తవారింటనే నిలిచినదనుకొందము. తల్లి దగ్గర లేదు. అత్తగారు కన్నది ముప్పది యేండ్ల క్రిందట. మామగారు, భర్త రాత్రి తొమ్మిదింటికి గాని కొట్టు కట్టి రారు. ఆస్పత్రి పట్టణములో నున్నది. ఈ పిల్లకు తెలియవలసిన దేమి?

తొలిచూలు స్త్రీలకు కాన్పునకు రెండు మూడు వారములు ముందుగానే బిడ్డ తల క్రిందికి దిగును. పొట్ట జారినట్లు ఇరుగుపొరుగువారు గుర్తింతురు. ఊపిరి సుళువుగా ఆడును, అన్నము కొంచెము ఎక్కువ సయించును. కాని మూత్రమునకు మాటిమాటికి పోవలసివచ్చును, నడచునపుడు తొడల నడుమ బరువు తోచును. ఇది కాన్పు దగ్గరపడినదని చెప్పునే గాని, నేడో రేపో యని చెప్పదు. కొందరికి ఈ దినములలో విరేచనములు పలుచనగుట, నడుము లాగుట, ఇల్లంతయు సర్దవలెనని తొందర పుట్టుట కలవు. వీనిని పట్టుకొని ఆస్పత్రికి పరుగెత్త నక్కరలేదు.

గర్భాశయ ముఖమును మూసియుంచిన చిక్కని జిగురు ఊడి వచ్చుట మరియొక గుర్తు. దానిలో నెత్తురు చారలుండును, లేదా లేత గులాబి రంగుండును. ఇది కనబడిన పిమ్మట కొన్ని గంటలలోనే నొప్పులు రావచ్చును, కొన్ని దినములును పట్టవచ్చును. జిగురుతో కలిసిన కొద్దిపాటి నెత్తురుకు భయపడ నక్కరలేదు. ముట్టువలె ధారగా ఎర్రని నెత్తురు పోయినచో అది ఈ గుర్తు కాదు. మాయ ముందుగా విడివడుటయో, గర్భాశయ ముఖమునకు అడ్డముగా నుండుటయో కారణము కావచ్చును. అప్పుడు నొప్పి ఉన్నను లేకున్నను నిమిషమైన జాగు చేయరాదు.

ఇక నొప్పుల సంగతి. చిక్కంతయు ఇచ్చటనే. నెలలు నిండకముందు నుండియు పొట్ట అప్పుడప్పుడు గట్టిపడి వదలుచుండును. తెలుగిండ్లలో వీనిని దొంగ నొప్పులనియు, తమిళమున పొయ్ వలి యనియు అందురు. 1872లో బ్రాక్స్టన్ హిక్స్ అను ఆంగ్ల వైద్యుడు వీనిని వర్ణించుటచే వైద్యులు ఆయన పేర పిలుతురు. దొంగ అనుట కొంత అన్యాయమే. పిల్లకు కలుగు బాధ నిజమైనదే. అయినను ఇవి క్రమము తప్పి వచ్చును, బలము పెరుగదు, నాలుగడుగులు నడచినను, ప్రక్క మార్చి పరుండినను, చెంబెడు నీళ్లు త్రాగినను సర్దుకొనును. నిజమైన నొప్పులు నడచినను పరుండినను పోవు. తరచుగా నడుమున పుట్టి ముందునకు చుట్టుకొని వచ్చును. ఒకదానికంటె ఒకటి పొడవగును, బలమగును, నడుమ వ్యవధి తగ్గును. రెండు నొప్పుల నడుమ పొట్ట మెత్తబడి పిల్లకు విశ్రాంతి దొరకును. అట్లు మెత్తబడక రాయివలె బిగిసి, నొప్పి విడువకుండుట అపాయ సూచన.

ఈ భేదమును కనుగొనుటకు వర్తకుల ఇంట దొరకునంత మంచి సాధనము వేరొకచోట దొరకదు. అది చిట్టా పుస్తకము. ఒక పుటపై రెండు గీతలు గీసి, మొదటి వరుసలో నొప్పి మొదలైన వేళ, రెండవ దానిలో అది నిలిచిన సెకండ్లు వ్రాయవలెను. వ్యవధి యనగా ఒక నొప్పి మొదలు నుండి మరుసటి నొప్పి మొదలు వరకు. పెక్కుమంది మొదటిది తీరినప్పటి నుండి లెక్కించి పొరబడుదురు. మన కోడలి చిట్టాలో రాత్రి 9-10, 9-32, 9-40, 10-15, 10-24 అని యున్నదనుకొందము. నిలిచినది ఒకసారి 20 సెకండ్లు, ఒకసారి 40, మరల 25. ఈ పద్దులకు పొందిక లేదు. ఆమె కొంచెము ఏమైన తిని పరుండవచ్చును. తెల్లవారుజామున 3-00, 3-06, 3-12, 3-17, 3-22, 3-27 అని వచ్చి, నిలిచినది 45, 50, 55, 60 సెకండ్లని యున్నచో పద్దు తేలినట్లే.

ఐదు నిమిషముల కొకటి చొప్పున, ఒక్కొక్కటి నిమిషము సేపు, గంటపాటు విడువక వచ్చినచో ఆస్పత్రికి చేరవలెనని సాధారణ నియమము. ఆస్పత్రి వీధి చివరనున్న వారికి ఈ నియమము సరిపోవును. పల్లెలనుండి పట్టణమునకు పోవలసినవారు నొప్పులు క్రమము పట్టినవని తెలిసినంతనే ఫోను చేసి బయలుదేరుట మేలు. మన కోడలు 3-27 వరకు ఆగ నక్కరలేదు. 3-12 కే ఇంటివారిని లేపవచ్చును.

తొలికాన్పున నొప్పుల మొదటి భాగము మెల్లగా సాగును. ఒక పగలు, ఒక రాత్రియు పట్టుట కలదు. నొప్పి రాగానే బిడ్డ పుట్టునని ఇంటిల్లిపాది గడపలో కూర్చుండుట, మూడు గంటలకు విసుగుచెంది పిల్లను తప్పుపట్టుట ఎచ్చటనైన చూచునదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పిన ప్రకారము గర్భాశయ ముఖము ఐదు సెంటిమీటర్లు విప్పుకొనిన పిమ్మటనే ప్రసవము చురుకు పట్టును. అంతకు ముందటి కాలము ఇంత యని కొలత లేదు. ఆస్పత్రి వారు పరీక్షించి ఇంకను సమయమున్నదని తిరిగి పంపినచో అది సిగ్గుపడవలసిన పని కాదు. వ్యర్థముగా పోయివచ్చిన ప్రయాణమునకు ఖర్చు కొద్దిగనే. పోవలసినప్పుడు పోనిదాని ఖర్చు ఏ పేరేటిలోను వ్రాయలేము.

జీలకర్ర కషాయ మిచ్చి చూచుట తమిళదేశపు వాడుక. వాయువైనచో తగ్గును, నిజమైన నొప్పియైనచో తగ్గదని పెద్దల నమ్మకము. త్రాగించిన దోషము లేదు. ఫలితము చూతమని గంటల తరబడి కూర్చుండుటలోనే దోషమున్నది. ఆముదము పట్టి నొప్పులు తెప్పింప జూచుట మాత్రము వైద్యులు చెప్పనిదే కూడదు.

ఉమ్మనీరు పోవుట వేరు సంగతి. ఒక్కసారిగా చీర తడిసిపోవచ్చును, లేదా బొట్టుబొట్టుగా కారవచ్చును. రెండవ దానిని మూత్రమని పొరబడుట ఎక్కువ. మూత్రమును బిగబట్టిన ఆగును, దాని వాసన తెలియును; ఉమ్మనీరు ఆగదు. శుభ్రమైన తెల్లని గుడ్డ పెట్టుకొని రంగు చూడవలెను. నీటివలె నున్నను, లేత పసుపుగా నున్నను, నొప్పులు లేకున్నను ఆస్పత్రికి పోవలసినదే. ఆలస్యమైన కొలది లోపలికి రోగక్రిములు చేరు భయము పెరుగును. ఆకుపచ్చగానో గోధుమరంగుగానో ఉన్నచో బిడ్డ లోపలనే మలము విడిచినదన్నమాట, త్వరపడవలెను. బొడ్డుతాడు వంటిది జారివచ్చినట్లు తోచినచో దానిని ముట్టక, పిల్ల మోకాళ్లపై వంగి తల క్రిందికుంచి పిరుదులెత్తి యుండగా 108కి ఫోను చేయవలెను. ఉమ్మనీరు పోయిన తరువాత రాహుకాలము చూచుట, శకునము కొరకు నిలుచుట, కొట్టునుండి పెద్దవారు వచ్చి అనుమతి యిచ్చువరకు ఆగుట తగదు. ఈ యొక్క విషయమున అనుమతిని శ్రీమంతము నాడే ఇచ్చి యుంచుట మంచి పద్ధతి.

కాన్పు ముందు బిడ్డ కదలిక తగ్గుట సహజమని కొందరు చెప్పు మాట తప్పు. కదలిక తీరు కొంత మారవచ్చును, తగ్గరాదు. అనుమానము తోచినచో ఎడమ ప్రక్కకు ఒత్తిగిలి పరుండి లెక్కింపవలెను. రెండు గంటలలో పది కదలికలు తెలియనిచో, లేదా ఎప్పటికంటె చాల మందగించెనని తల్లికి తోచినచో తెల్లవారు వరకు ఆగరాదు. తీవ్రమైన తలనొప్పి, కన్నులు మసకలు క్రమ్ముట, ముఖము చేతులు ఉబ్బుట, పొట్ట పైభాగమున నొప్పి, జ్వరము, ఫిట్లు, 37 వారములు నిండకముందే నొప్పులు వచ్చుట – వీనిలో ఏ ఒక్కటి యున్నను వెంటనే పోవలసినదే.

జైన గృహములలో మరియొక ప్రశ్న వచ్చును. చౌవిహారము పట్టిన పిల్లకు రాత్రి పది గంటలకు నొప్పులు మొదలైనచో నీళ్లియ్యవచ్చునా? సూర్యాస్తమయము తరువాత నీరు ముట్టనని నియమము పెట్టుకొన్న పిల్ల స్వయముగా అడుగదు. అత్తగారు ఇచ్చుటకు వెనుకాడును. నొప్పులు పడు శరీరమునకు నీరు, సులభముగా జీర్ణమగు ఆహారము అవసరము. అపాయ లక్షణములు లేనివారికి ప్రసవ సమయమున త్రాగుటకు, తినుటకు అడ్డుచెప్పరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థయు చెప్పుచున్నది. శస్త్రచికిత్స తప్పదని తోచినచో వైద్యులు మానుమందురు, అప్పుడు వారి మాటయే వినవలెను. శాస్త్రమును చూచినను, ప్రత్యాఖ్యానములలోనే ఆగారములు, అనగా మినహాయింపులు, చెప్పబడియున్నవి. తీవ్రమైన బాధచే చిత్తసమాధి చెడు సమయమున ఔషధాదులు పుచ్చుకొనుట కొక ఆగారము కలదు. తొమ్మిదవ నెల ప్రవేశింపగానే సాధుసాధ్వులను అడిగి ఈ సంగతిని తేల్చుకొన్నచో ఆ రాత్రి వాదము పుట్టదు. కాచి చల్లార్చిన నీటిని సీసాలో పోసి ఆస్పత్రి సంచిలో పెట్టుకొనవచ్చును గదా. ఆ నెలలో ఉపవాసములు, ఆయంబిలములు వైద్యుల నడుగక చేయరాదు.

ఆ సంచిలో తల్లీబిడ్డల రక్షణ కార్డు, పరీక్షల కాగితములు, తమిళనాడున గర్భవతి పేరు నమోదైనప్పుడిచ్చు పిక్మి సంఖ్య, ఆధారు, ఉతికి ఎండబెట్టిన పాత నూలుగుడ్డలు ఉండవలెను. తమిళనాడున 108 వాహనములు 2008 నుండి నడచుచున్నవి. పిలుచుటకు రుసుము లేదు. ప్రభుత్వ ఆస్పత్రులలో కాన్పు, మందులు, రాకపోకలు ఉచితముగా నుండునట్లు 2011లో జననీ శిశు సురక్షా కార్యక్రమము ఏర్పడినది. ప్రసవ సమయమున ఒక స్త్రీ తోడుండుటకు 2016లో కేంద్ర ఆరోగ్యశాఖ అనుమతి నిచ్చినది. కన్న అనుభవము గలిగి, గాభరాపడని స్త్రీని ముందుగనే నిర్ణయించుకొనవలెను. వరుసకు పెద్దదియను కారణమున మాత్రమే ఆమెను పంపరాదు.

మంసాపురపు కోడలికి భాషయు ఒక అడ్డంకియే. ఆస్పత్రిలో నర్సు "ఇడుప్పు వలి ఇరుక్కా?" యని అడుగును. మాటకు మాట చూచిన అది నడుము నొప్పి. అచ్చట దాని అర్థము పురిటి నొప్పి. పొట్టలో నొప్పి పడుచున్న తెలుగుపిల్ల లేదని తల యూపినచో నర్సు ఆమెను బల్లపై కూర్చుండబెట్టి వేరొకరిని చూడబోవును. ఉమ్మనీటి సంచిని అచ్చట పనిక్కుడమందురు. అది ఉడైంద వేళ ఎంతయని అడుగుదురు, రంగు అడుగుదురు. బిడ్డ కదలిక అసైవు. నెత్తురు రత్తము. ఈ నాలుగైదు మాటలు, చిట్టా పుటతో పాటు తెలుగులోను తమిళములోను వ్రాసి సంచిలో పెట్టినచో, నొప్పి వచ్చి పిల్ల నోట మాట రాని క్షణమున తోడు వచ్చిన స్త్రీ ఆ కాగితమును నర్సు చేతికియ్యవచ్చును.