తంబురా ముందు, రికార్డు తర్వాత

విజయవాడ,
శ్రావణ శుక్రవారం.

అమ్మలూ,

మీ అత్తయ్య పొద్దున్న పూజ చేసుకుని, నానబెట్టిన సెనగలు పంచుతూ నిన్ను తలుచుకుంది. హాస్టల్లో వేళకు తింటున్నావో లేదో అని దాని బెంగ.

నీ ఉత్తరం అందింది. సెలవుల్లో మా మేడ మీద నలుగురం చెప్పుకున్న కబుర్లు నీ మనసులో బాగా పడ్డట్టున్నాయి. "మీరు చెప్పిన రికార్డుల పేర్లు రాసి పంపు మామయ్యా, ఇంకో యాభై నువ్వు కలుపు, ఫోన్‌లో ఎక్కించుకుంటాను" అని రాశావు. ఆ పేర్లు రాస్తాను గానీ యాభై మాత్రం రాయను. ఎందుకో చెప్పాలనే ఈ ఉత్తరం.

ఆ రాత్రి వేణువు వాయించే మా స్నేహితుడు అడిగిన ప్రశ్న గుర్తుందా? "నిన్ను తయారుచేసిన రికార్డు ఏది?" అన్నాడు. ఇష్టమైనదేదని అడగలేదు. ఇష్టమైనవి ఎవరికైనా వంద ఉంటాయి. తయారుచేసినవి వెతికితే రెండో మూడో దొరుకుతాయి. అందుకే ఆ ప్రశ్న వినగానే అందరం కాసేపు మాట్లాడలేదు.

మృదంగం ఆయన ఏ మహావిద్వాంసుడి కచేరీ పేరో చెబుతాడనుకున్నాం. ఆయన ఘంటసాల గారి భగవద్గీత అన్నాడు. 1974 ఫిబ్రవరిలో ఘంటసాల గారు పోయారు. చివరి రోజుల్లో రికార్డు చేసిన గీత అది. మా స్నేహితుడి ఊళ్ళో గుడి మైకులో అదే మోగేది, ఎవరైనా పోతే ఆ ఇంటి ముందూ అదే మోగేది. శ్లోకం పాడతారు, వెంటనే తాత్పర్యం మాటల్లో చెబుతారు. "పాట ఆగి మాట మొదలయ్యే చోట వెనకున్న వాద్యం ఎలా ఒదిగి ఉండాలో నేను అందులో విని నేర్చుకున్నాను. ఇవాళ్టికీ గాయకుడు సాహిత్యం విడమరిచి పాడుతుంటే నా చెయ్యి దానంతట అదే తగ్గుతుంది" అన్నాడు. చిన్నప్పటి నుంచీ విన్నది ఆయన అరచేతిలో అలా ఉండిపోయింది.

వేణువు ఆయనది 'కాల్ ఆఫ్ ది వ్యాలీ'. 1967 నాటిది. శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువు, బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటార్. అప్పటికి ముగ్గురూ ముప్పైకి అటూ ఇటూ ఉన్నవాళ్ళే. కాశ్మీర్‌లో ఒక గొర్రెల కాపరి రోజు ఎలా గడుస్తుందో అందులో చెప్పారు. తెల్లవారుజామున అహిర్ భైరవ్‌తో మొదలై, పొద్దు వాలి రాత్రయ్యేసరికి పహాడీ దగ్గర ఆగుతుంది. "నేనెప్పుడు వాయించాలో నేర్పింది మా గురువుగారు. పక్కవాడు వాయించేటప్పుడు నేనెలా ఉండాలో నేర్పింది ఈ రికార్డు" అన్నాడాయన. నువ్వు దాన్ని ఫోన్‌లో ఎక్కించుకుంటే వరస మార్చి వినకు. సాయంత్రం రాగం ముందొచ్చి పొద్దుటి రాగం తర్వాత వస్తే ఆ కాపరి ఎప్పుడు బయల్దేరాడు, ఎప్పుడు ఇల్లు చేరాడు?

సినిమా రికార్డింగుల్లో ఫిడేలు వాయించిన మూడో స్నేహితుడు ఇళయరాజా గారి 'హౌ టు నేమ్ ఇట్?' పేరు చెప్పాడు. 1986లో వచ్చింది. అదే ఏడు మన ఊళ్ళన్నీ ఆయన 'స్వాతిముత్యం' పాటలు పాడుకుంటున్నాయి. ఈ ఆల్బమ్‌లో మాత్రం పాటల్లేవు, అంతా వాద్యమే. త్యాగరాజస్వామికీ, జర్మనీ దేశపు బాఖ్‌కీ అంకితమిచ్చారు. వయొలిన్ వి.ఎస్. నరసింహన్. "అప్పటిదాకా వరసలో కూర్చుని కాగితం మీదున్న స్వరం వాయించి, డబ్బు తీసుకుని ఇంటికొచ్చేవాణ్ణి. అది విన్న రోజు నా చేతిలో ఉన్నది ఏమిటో తెలిసింది" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు మారింది. నువ్వు చూసే ఉంటావు.

ఒక సంగతి గమనించావా? ఆ ముగ్గురిలో ఎవరూ "ఆ రికార్డు చాలా గొప్పది" అని ఊరుకోలేదు. అందులోంచి ఏ పని నేర్చుకున్నారో చెప్పారు. ఎక్కడ తగ్గాలో ఒకరు, ఎలా కాచుకుని ఉండాలో ఒకరు, తన వాద్యం విలువేమిటో ఒకరు.

నా వంతు వచ్చినప్పుడు ద్వారం వెంకటస్వామినాయుడు గారి పేరు చెప్పి ఆగిపోయాను. మిగతాది నీకు రాయాలనిపించింది. నువ్వు రోజూ మెట్లెక్కే విజయనగరం సంగీత కళాశాలలో ఆయన ఫిడేలు చెప్పారు, తర్వాత ప్రిన్సిపాల్‌గా చేశారు. ఘంటసాల గారు చదువుకున్నదీ అక్కడే. కాబట్టి ఇది నీకు చెందిన కథే.

మా గురువుగారి ఇంట్లో నాయుడుగారి గ్రామఫోన్ ప్లేట్లు ఉండేవి. ఒక్కో వైపు మూడు నిమిషాల చిల్లర. వాటిని ముట్టుకోనిచ్చేవారు కాదు. నా పోరు పడలేక ఒకరోజు గ్రామఫోన్ ముందు టేప్ రికార్డర్ పెట్టి ఒక కేసెట్‌లోకి ఎక్కించి ఇచ్చారు. ప్లేటు గరగర, వీధిలో వెళ్తున్న సైకిల్ బెల్లు, అన్నీ అందులోకి వచ్చాయి. ఇప్పటికీ ఆ కేసెట్‌లోని కృతి చరణం దగ్గరికి వచ్చేసరికి నా చెవిలో ఆ బెల్లు మోగుతుంది.

మా ఇంట్లో అప్పటికి కరెంటు లేదు. టేప్ రికార్డర్ బ్యాటరీల మీద నడిచేది. కొత్తవి కొనే స్తోమత లేక అయిపోయినవాటినే ఎండలో పెట్టి మళ్ళీ వేసేవాణ్ణి. అలా మూడు నెలలు ఆ ఒక్క కేసెట్‌తోనే సాధన చేశాను. నాయుడుగారి రాగంలో ఒక నిదానం ఉందనీ, గమకం విశాలంగా ఊగుతుందనీ, కృతి చివరికి వస్తున్నకొద్దీ ఆయన ఇంకా లోతుకు దిగుతారనీ నాకు అనిపించింది. అదంతా వేలు వేలుకీ పట్టాను. ఎంతో గర్వంతో వెళ్ళి గురువుగారి ముందు వాయించాను.

ఆయన కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు. తిట్టలేదు. "చివర్లో నీ వేళ్ళు ఎందుకురా కిందికి జారుతున్నాయి?" అని మాత్రం అడిగారు. నాకు అర్థం కాలేదు. కేసెట్ తీసుకురమ్మన్నారు. తంబురా మీటమని వాళ్ళమ్మాయికి చెప్పి, టేప్ రికార్డర్‌లో కొత్త బ్యాటరీలు వేసి పెట్టారు.

అమ్మలూ, మొదటి అరనిమిషంలోనే నా ఒళ్ళు చల్లబడింది. అది నేను మూడు నెలలుగా విన్న వాద్యం కాదు. కమాను చురుగ్గా కదులుతోంది, ఒక్కో స్వరం ముత్యంలా విడిగా ఉంది, పై షడ్జం తంబురాతో కలిసిపోయి నిలబడింది. బ్యాటరీ నీరసపడేకొద్దీ టేపు మెల్లగా తిరుగుతుంది, శ్రుతి దిగుతుంది. నేను నాయుడుగారి నిదానం అనుకున్నది బ్యాటరీల నిదానం. ఆయన లోతు అనుకున్నది శ్రుతి జారడం. మూడు నెలలు నేను ఒక మహానుభావుడికి శిష్యుణ్ణనుకుని, ఎండలో పెట్టిన బ్యాటరీలకు శిష్యరికం చేశాను. ఆ రోజు గురువుగారు చెప్పిన మాటే నేనిప్పుడు నీకు చెబుతున్నాను. "రికార్డు ఎంత గొప్పవాడిదైనా సరే, ముందు తంబురా పెట్టుకో."

చాలా ఏళ్ళు ఈ కష్టం నా పేదరికం వల్ల వచ్చిందనుకున్నాను. ఆ తర్వాత అమెరికా జాజ్ సంగీతంలో మైల్స్ డేవిస్ చేసిన 'కైండ్ ఆఫ్ బ్లూ' సంగతి తెలిసింది. 1959లో న్యూయార్క్‌లో పెద్ద కంపెనీ స్టూడియోలో చేసిన ఆల్బమ్ అది. రికార్డింగ్ నాడు ఒక టేప్ యంత్రం కాస్త మెల్లగా తిరిగింది. దాంతో ప్లేటు మొదటి వైపంతా ఉండాల్సిన శ్రుతి కంటే కొద్దిగా పైకి వచ్చింది. దాన్ని సరిచేసి విడుదల చేసింది 1992లో. ముప్పై ఏళ్ళకు పైగా ఎందరు కుర్రాళ్ళు ఆ ప్లేటు పెట్టుకుని వెంట వాయించి, తప్పు తమ వాద్యంలోనే ఉందనుకుని మరలు తిప్పుకుని ఉంటారో! యంత్రం ఎక్కడిదైనా యంత్రమే. అది స్వరాన్ని మోసుకొస్తుంది. ఆ స్వరం తీరుగా ఉందో లేదో చూడాల్సింది మన చెవి.

ఇక నువ్వు చెయ్యాల్సిన పని చెబుతాను. ఒక్క రికార్డు తీసుకో. పేరు నన్నే చెప్పమంటే, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు తిరుమల తిరుపతి దేవస్థానం వారికి పాడిన 'బాలాజీ పంచరత్నమాల' తీసుకో. ఐదు ఎల్పీల సెట్. నీకు అంతా అక్కర్లేదు, అందులో ఒక్క అన్నమయ్య కీర్తన చాలు. ఫిడేలు నేర్చుకునే పిల్లకు గాత్రం ఎందుకంటావేమో. మన పాలకొల్లు అబ్బాయి మాండలిన్ శ్రీనివాస్ ముందు మన సంగీతంలో మాండలిన్ రికార్డు ఏముంది? అతని గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు దాన్ని తీగ మీదికి తెచ్చుకునేవాడు. చూసి దిద్దుకోవడానికి నమూనా లేకపోవడం వల్లనే ఆ చెయ్యి అతని సొంతం అయింది. నువ్వూ గొంతు విని తీగ మీదికి తెచ్చుకో.

మొదటి రెండు రోజులు ఫిడేలు పెట్టె తెరవకు. కూర్చుని విను, చేత్తో తాళం వెయ్యి. తర్వాత తంబురా పెట్టుకుని ఆమె శ్రుతి ఎక్కడుందో పట్టుకో. నాలుగో రోజు ఎం.ఎస్. గారి గొంతు పక్కన పెట్టి, వెంట పాడుతున్న రాధా విశ్వనాథన్ గారి గొంతు ఒక్కటే విను. కనపడకుండా ఎలా కలుస్తారో, ఎక్కడ ఆగి ముందున్న గొంతుకు దారి ఇస్తారో చూడు. రేపు వేదిక మీద గాయకుడి పక్కన నీ పని అదే. గాయకుడు రాగం పాడుతుంటే నీడలా నడవాలి, ఆయన ఆగగానే ఒక్కదానివే అదే రాగం అందుకోవాలి. పై గొంతు వినడం అందరికీ వచ్చు. పక్కనున్నవాళ్ళని వినడం మనం నేర్చుకోవాల్సిన విద్య.

ఆ తర్వాత నువ్వు పాడు. పాడటం వచ్చాకే ఫిడేలు తియ్యి. గమకం అందకపోతే వేగం తగ్గించుకో, తప్పులేదు. మా రోజుల్లో రికార్డ్ ప్లేయర్‌కి 16 అనే వేగం ఉండేది. ఎల్పీ దాని మీద పెడితే సరిగ్గా సగం వేగంతో, ఒక స్థాయి కిందికి దిగి వినిపించేది. నీ ఫోన్‌లో అయితే శ్రుతి మారకుండానే వేగం సగం అవుతుంది. ఆ అదృష్టం మాకు లేదు, వాడుకో. కానీ సగం వేగంలో నేర్చుకున్నది అసలు వేగానికి తెచ్చేదాకా వదలకు. లేకపోతే నా బ్యాటరీల కథే నీదీ అవుతుంది.

అన్నిటికంటే కష్టమైనది చివరిది. అది చేతికి వచ్చేశాక ఆ రికార్డు పక్కన పెట్టెయ్యి. నెల రోజులు వినకు. చార్లీ పార్కర్ అనే శాక్సఫోన్ విద్వాంసుడు 1937 వేసవిలో, పదహారేళ్ళ వయసులో, కొండల్లో ఒక విడిదికి వాయించడానికి వెళ్తూ లెస్టర్ యంగ్ అనే మరో విద్వాంసుడు వాయించిన రికార్డులు వెంట తీసుకువెళ్ళాడు. ఆ సోలోలన్నీ కంఠతా పట్టాడు. కొన్నేళ్ళకు అతను సంగీతాన్నే ఒక కొత్త దారి పట్టించినప్పుడు, అది లెస్టర్ యంగ్‌లా వినిపించలేదు. కంఠతా పట్టడం ఎంత అవసరమో, దాన్ని దాటి రావడం అంత అవసరం. నేను రెండోది చాలా ఆలస్యంగా చేశాను. నలభై ఏళ్ళు వచ్చేదాకా నా రాగంలో ప్రతి మలుపూ నాయుడుగారు ఎలా వాయించి ఉంటారో అని వెతుక్కునేవాణ్ణి. ఒకరోజు రేడియో రికార్డింగ్‌లో తంబురా తప్ప ఏమీ గుర్తుకు రాలేదు. ఆ రోజు వాయించింది నాది. నువ్వు అంతకాలం ఆగకు.

యాభై పేర్లు ఎందుకు రాయలేదో ఇప్పుడు తెలిసింది కదా. యాభై వింటే యాభై తెలుస్తాయి, ఒక్కటీ చేతికి రాదు. మాకు ఒక్కటే దొరికేది కాబట్టి దానితోనే బతికాం. నీకు అన్నీ దొరుకుతాయి. కాబట్టి ఆ ఒక్కటి నువ్వే ఎంచుకుని, మిగతావాటికి తలుపు వేసుకోవాలి. అది మా కంటే నీకే కష్టం, నాకు తెలుసు.

సంక్రాంతికి వస్తావు కదా. మేడ మీద మళ్ళీ ఆ నలుగురమే ఉంటాం. ఈసారి నిన్నూ అడుగుతాం. పేరు చెప్పి ఊరుకుంటే కుదరదు. ఆ కీర్తన నుంచి నీ వేలు ఏం నేర్చుకుందో వాయించి చూపించాలి. తంబురా నేను మీటుతాను.

అత్తయ్య సున్నుండలు పంపుతోంది, పక్క గది పిల్లలకీ పెట్టు.

ఆశీస్సులతో,
నీ మామయ్య