పైన పటారం, లోన సత్తువ: ర్యాలీ రూపుకు తగిన చిన్న కారు ఎంపిక



గత వేసవి సెలవులలో రేపల్లెలో ఉండే మా మేనల్లుడు నా వద్దకు వచ్చి, "మామూ, అమ్మీ ఒప్పుకుంది. పాత కారు ఒకటి కొందాం. దానిని ర్యాలీ కారులా తీర్చిదిద్దుకోవాలని నా కోరిక. ఏది కొనమంటారు?" అని అడిగాడు. మా అక్క పన్నెండేళ్లు కుట్టుమిషను తొక్కి, చీటీలు కట్టి కూడబెట్టిన సొమ్ము అది. ఆమెకు కావలసినది నెలకొకసారి తెనాలి వెళ్లి వైద్యునికి చూపించుకోవడానికి, పండుగనాడు బాపట్లలోని కూతురి ఇంటికి చేరడానికి ఒక వాహనం. కుమారునికి కావలసినది తలుపు మీద అంకె, నడినెత్తిన రంగుల పట్టీ, చక్రాల వెనుక ఎర్రని మడ్‌ఫ్లాపులు. ఈ రెండు కోరికలూ ఒకే కారులో ఇముడుతాయా? ఆలోచించి అతనికి నేను ఇచ్చిన సమాధానమే ఈ వ్యాసం.

ర్యాలీ అనగా ఏమి?

ర్యాలీని చాలామంది పరుగుపందెమని భావిస్తారు. అది సరికాదు. పందెంలో కార్లు పక్కపక్కన పరుగెత్తుతాయి. ర్యాలీలో ఒక్కొక్క కారు కొంత వ్యవధితో విడిగా బయలుదేరి, గడియారంతో పోటీపడుతుంది. జనసంచారం నిలిపివేసిన ప్రత్యేక మార్గాలలోనే వేగానికి అనుమతి ఉంటుంది. డ్రైవరు పక్కన కూర్చున్న సహచరుడు రాబోయే మలుపును ముందే చదివి వినిపిస్తూ ఉంటాడు. ఒక ప్రత్యేక మార్గం నుండి మరొక దానికి వెళ్లేటప్పుడు ఆ కారు అందరితోపాటు సాధారణ రహదారిపైనే నడవాలి. అక్కడ నంబరు ప్లేటు ఉండాలి, వేగపరిమితిని పాటించాలి; తప్పితే శిక్ష ఉన్నది. కాబట్టి నిజమైన ర్యాలీ డ్రైవరు ఊరి రోడ్డు మీద అందరికంటె నెమ్మదస్తుడు. ఈ సంగతి మన యువకులు ముందుగా గ్రహించాలి.

చిన్న కార్ల ఘనత

చిన్న కారు ర్యాలీకి పనికిరాదన్న అభిప్రాయాన్ని ఇంగ్లండులో తయారైన మినీ కూపర్ ఎస్ పటాపంచలు చేసింది. మాంటెకార్లో ర్యాలీలో అది 1964, 1965, 1967 సంవత్సరాలలో విజయం సాధించింది. 1966లో సైతం మొదటి మూడు స్థానాలలో మినీలే నిలిచాయి. కాని వాటి ముందు దీపాల అమరిక నిబంధనలకు విరుద్ధమని నిర్ణేతలు వాటిని తొలగించి, సిట్రోయెన్ కారు నడిపిన ఫిన్లండు దేశస్థుడు పౌలీ టోయివోనెన్‌ను విజేతగా ప్రకటించారు. కారుకు తగిలించే దీపం సైతం ఎంత లెక్కలోనిదో దీనివల్ల తెలుస్తున్నది.

1976లో జర్మనీలో అమ్మకానికి వచ్చిన గోల్ఫ్ జీటీఐ బరువు సుమారు 810 కిలోలు, శక్తి 110 హార్స్‌పవర్. వెనుక తలుపు పైకి లేచే ఇంటి కారుకు చురుకైన ఇంజను అమర్చిన ఇటువంటి వాహనాలకే తరువాత 'హాట్ హ్యాచ్' అనే పేరు స్థిరపడింది. 1985, 1986లలో ప్రపంచ ర్యాలీ నిర్మాతల బిరుదు గెలిచిన ప్యూజో 205 టర్బో 16 చూడటానికి చిన్న ఇంటి కారే. కాని దాని ఇంజను సీట్ల వెనుక ఉండేది, నాలుగు చక్రాలకూ శక్తి అందేది. వారు ర్యాలీ యంత్రానికి ఇంటి కారు ముసుగు తొడిగారు. మనం ఇంటి కారుకు ర్యాలీ ముసుగు తొడగబోతున్నాం. ఈ తేడా మరువరాదు. ఆ తరగతి కార్ల మితిమీరిన వేగానికి 1986లో ప్రేక్షకులు, పోటీదారులు బలియైనారు. కోర్సికా ద్వీపంలో మరణించిన హెన్రీ టోయివోనెన్ పైన చెప్పిన పౌలీ కుమారుడే. ఆ సంవత్సరాంతానికి ఆ తరగతినే రద్దు చేశారు.

మన దేశానికి వస్తే, 2013లో ఆసియా పసిఫిక్ ర్యాలీ బిరుదు గెలిచిన గౌరవ్ గిల్ నడిపినది స్కోడా ఫేబియా అనే చిన్న కారు. 2016, 2017లలో తిరిగి అదే బిరుదు సాధించిన ఆయనకు 2019లో అర్జున పురస్కారం లభించింది. జాతీయ ర్యాలీలలో ఫోక్స్‌వ్యాగన్ పోలో కార్లు ఎన్నో ఏళ్లుగా కనిపిస్తున్నాయి.

ఎన్నికకు కొలబద్ద

కారు చురుకుదనానికి ఇంజను శక్తి ఒక్కటే ప్రమాణం కాదు. ఆ శక్తిని బరువుతో భాగించి చూడాలి. 2021 నాటి మారుతి స్విఫ్ట్ శక్తి 90 హార్స్‌పవర్, బరువు సుమారు 880 కిలోలు. అనగా టన్నుకు 102. 2017లో వచ్చిన బలేనో ఆర్‌ఎస్ శక్తి 102, బరువు సుమారు 950 కిలోలు, టన్నుకు 107. 2015లో వచ్చిన అబార్త్ పుంటో శక్తి 145, బరువు సుమారు 1,200 కిలోలు, టన్నుకు 121. 1976 నాటి గోల్ఫ్ జీటీఐకి ఇదే లెక్క 136 వస్తుంది! యాభై ఏళ్ల కిందటి తేలిక కారు నేటి బరువు కార్లను మించడంలోని రహస్యం ఇదే. 2021 నాటి హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్, 2024 నాటి టాటా ఆల్ట్రోజ్ రేసర్ రెండింటి టర్బో ఇంజన్ల శక్తి 120 హార్స్‌పవర్. పోలో తయారీ మన దేశంలో 2022లో ఆగిపోయింది.

ఈ పట్టిక చూచి మా మేనల్లుడు వెంటనే అబార్త్ పేరు చెప్పాడు. లెక్క ప్రకారం అతని మాట ఒప్పే. కాని నేను రెండవ ప్రశ్న వేశాను: "రాత్రి పూట రేపల్లెలో కారు ఆగిపోతే, దాని విడిభాగం మరునాడు తెనాలిలో దొరుకుతుందా?" ఫియట్ కార్ల అమ్మకమే మన దేశంలో నిలిచిపోయింది. ఒక్క సెన్సరు కోసం కారు నెల రోజులు కొట్టంలో పడి ఉంటే, తల్లిని వైద్యుని వద్దకు ఎవరు తీసుకువెళ్లాలి? శక్తి, బరువుల నిష్పత్తి పుస్తకంలోని సూత్రం. విడిభాగాల లభ్యత జీవితంలోని సూత్రం. రెండవ దానిలో స్విఫ్ట్‌కు సాటి లేదు. 2005 నుండి మన రోడ్ల మీద ఉన్న కారు కావడం వల్ల దానిని విప్పి బిగించలేని మెకానిక్ ఈ ప్రాంతంలో అరుదు.

మన నేల, మన నీరు

పాత కారు కొనేవారు మన ప్రాంతపు స్వభావాన్ని గమనించాలి. బాపట్ల వద్ద సూర్యలంక సముద్రగాలిలో ఉప్పు ఉన్నది. ఆ గాలికి నిలిచిన కారు పైకి మెరుస్తూనే అడుగున తుప్పు పడుతుంది. కాబట్టి కారును లిఫ్టుపైకి ఎత్తించి, అడుగుభాగం, తలుపుల కింది అంచులు, సస్పెన్షన్ బిగింపులు పరీక్షించాలి. రెండవది వరద. 2024 సెప్టెంబరు ఆరంభంలో ప్రకాశం బ్యారేజీ నుండి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు ప్రవహించింది. విజయవాడ కాలనీలలో కార్లు మునిగిపోయాయి. అటువంటి కార్లు కడిగి, తుడిచి, రంగు వేసి తక్కువ ధరకు బజారుకు వస్తే ఆశ్చర్యం లేదు. కాలికింది తివాచీ ఎత్తి వాసన చూడాలి. సీటుబెల్టును చివరివరకు లాగి బురద చార కోసం వెదకాలి. సీటు కింది మరలకు తుప్పు ఉన్నదేమో చూడాలి. మేము చూచిన మొదటి కారులో బెల్టు చివర జానెడు మేర మట్టి చార కనిపించింది. అమ్మేవాడు మాట మార్చాడు, మేము వెనుదిరిగాము.

అలంకారం, దాని అర్థం

ర్యాలీ కారు మీద కనిపించే ప్రతి వస్తువుకూ ఒక ప్రయోజనం ఉన్నది. మడ్‌ఫ్లాపు చక్రాల నుండి ఎగిరే రాళ్లను ఆపుతుంది. పైకప్పు మీది గాలిగొట్టం, అద్దాలు మూసిన కారులోకి గాలిని పంపుతుంది. ఇంజను కింది ఇనుపరేకు నూనెతొట్టిని కాపాడుతుంది. లోపలి ఉక్కు పంజరం బోల్తా పడినప్పుడు ప్రాణం నిలుపుతుంది. కాని ఆ పంజరంలో కూర్చునేవారు శిరస్త్రాణం ధరిస్తారు. శిరస్త్రాణం లేని మన తలకు అదే ఉక్కుకడ్డీ యమపాశం కాగలదు. కాబట్టి అనుకరించదగినవి కొన్ని, విడువదగినవి కొన్ని.

మడ్‌ఫ్లాపులు పెట్టుకోవచ్చు, వరిపొలాల దారిలో అవి నిజంగానే అక్కరకు వస్తాయి. తెల్లకారు మీద సన్నని రంగుపట్టీలు, తలుపు మీద అంకె అందగిస్తాయి. ఎర్రని దేహం, తెల్లని పైకప్పు కలిసిన మినీ అలంకారాన్ని ఆదర్శంగా తీసుకోవచ్చునని అనిపించవచ్చు. కాని కారు రంగు రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదై ఉంటుంది. దేహమంతటికీ వేరొక రంగు వేయించినా, రంగు పొర అతికించినా రవాణా అధికారి అనుమతి తీసుకొని పత్రంలో మార్పు చేయించుకోవాలి.

వాహనాన్ని నిర్మాత ఇచ్చిన రూపానికి భిన్నంగా మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ విభాగం చెబుతున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని ధ్రువపరచింది. అదే ఏడాది సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు యజమానికి అయిదు వేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చు. ముందు బిగించే ఇనుప గార్డులను 2017 డిసెంబరులో కేంద్రం నిషేధించింది. అవి పాదచారికి ప్రమాదకరం, ఎయిర్‌బ్యాగు పనికి ఆటంకం. ఇక సైలెన్సరు కోసి చప్పుడు పెంచడం బలం కాదు, ఆసుపత్రి పక్కన ఉన్న రోగికి బాధ.

పది రూపాయల లెక్క

మా మేనల్లునికి నేను ఒక లెక్క చెప్పాను. చేతిలో పది రూపాయలుంటే ఏడు రూపాయలు కారుకు, రెండు రూపాయలు టైర్లు, బ్రేకులు, సస్పెన్షన్ బాగుకు, ఒక్క రూపాయి అలంకారానికి. ఈ వరుస తారుమారైతే పైన పటారం, లోన లొటారం అన్న సామెతే మిగులుతుంది.

బ్రేకుల విలువ భౌతికశాస్త్ర విద్యార్థులకు తెలియనిది కాదు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 11 మీటర్లు పోతాము. పొడిరోడ్డు మీద మంచి బ్రేకులతో ఆగడానికి మరి సుమారు 9 మీటర్లు పడుతుంది. ప్రమాదం గమనించి కాలు కదపడానికి ఒక సెకను కలుపుకుంటే మొత్తం 20 మీటర్లు. వేగాన్ని 80కి పెంచితే బ్రేకుల దూరం రెండింతలు కాదు, నాలుగింతలై 35 మీటర్లవుతుంది. మొత్తం 57 మీటర్లు దాటుతుంది. మన కాలువగట్ల రోడ్లకు ఒకపక్క నీరు, మరొకపక్క పొలం. అనేక చోట్ల అడ్డుగోడ లేదు. కోతల కాలంలో రోడ్డు మీదనే ధాన్యం ఆరబోసి ఉంటుంది. ఎదురుగా సైకిలు మీద వచ్చే రైతుకు ఆ 57 మీటర్ల లెక్క తెలియదు. తెలియవలసినది మనకు.

చివరకు తెనాలిలో ఒక తెల్లని స్విఫ్ట్ దొరికింది. అడుగున తుప్పు లేదు, బెల్టుకు చార లేదు. కొత్త టైర్లు, కొత్త బ్రేకు ప్యాడ్లు వేయించాము. మిగిలిన రూపాయితో రెండు నీలిపట్టీలు, ఎర్ర మడ్‌ఫ్లాపులు, తలుపు మీద ఒక అంకె. అంకె ఏమిటని అడుగగా, "పన్నెండు, మామూ. అమ్మీ మిషను తొక్కిన ఏళ్లు" అన్నాడు.

ఇప్పుడు ఆ కారులో ముందు సీటు మా అక్కది. మలుపు రాకముందే "నిదానం, బేటా, కాలువ వస్తున్నది" అని ఆమె హెచ్చరిస్తుంది. ర్యాలీలో పక్కన కూర్చున్న సహచరుడు చేసే పని కూడా అదే కదా! ఆ మాట వినేవాడే మంచి డ్రైవరు.