మహానాముడి ప్రశ్న: దారిలోనే ప్రాణం పోతే?



మహానాముడు అనే శాక్య ఉపాసకుడు ఒకసారి బుద్ధుని దగ్గరికి వచ్చి తన మనసులోని భయం చెప్పుకున్నాడు. కపిలవస్తు పెద్ద ఊరు, ఇరుకు వీధులు, ఎప్పుడూ రద్దీ. భగవానుని దగ్గరో భిక్షువుల దగ్గరో కూర్చుని సాయంత్రం ఊళ్లోకి తిరిగొస్తుంటే ఎదురుగా ఏనుగులు, గుర్రాలు, రథాలు, బండ్లు, జనం. ఆ గందరగోళంలో బుద్ధ ధమ్మ సంఘాల మీద నిలిపిన మనసు చెదిరిపోతుంది. సరిగ్గా ఆ క్షణంలోనే ప్రాణం పోతే నా గతి ఏమిటి అని అడిగాడు. సంయుత్త నికాయంలో ఉన్న సంభాషణ ఇది.

ఏనుగుల చోట టిప్పర్లను, రథాల చోట ఏసీ బస్సులను పెట్టి చూడండి, ఇది మన శంషాబాద్ ప్రశ్నే. మన ఊరి మీదుగా పోయే బెంగళూరు హైవే మీద, పాలెం దగ్గర, 2013 అక్టోబర్ 30 తెల్లవారుజామున బస్సు కాలిపోయి 45 మంది చనిపోయారు. ఏ దేహం ఎవరిదో డీఎన్‌ఏ పరీక్షలతో తేల్చాల్సి వచ్చింది. 2025 అక్టోబర్ 24న అదే హైవే మీద కర్నూలు దగ్గర చిన్నటేకూరులో హైదరాబాద్ నుంచి బెంగళూరు పోతున్న బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు పోయారు. పది రోజులకే, నవంబర్ 3న, మన రంగారెడ్డి జిల్లాలోనే చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును గుద్దింది. అక్కడా 19 మంది. వీళ్లలో ఒక్కరు కూడా ఇదే చివరి ప్రయాణం అనుకుని ఇంట్లోంచి బయల్దేరి ఉండరు.

బుద్ధుడు మహానాముడికి భయపడకు అన్నాడు. శ్రద్ధ, శీలం, ధమ్మ శ్రవణం, దానం, ప్రజ్ఞ - వీటితో చాలాకాలం సాధన చేసిన మనసు ఒక్క క్షణం చెదిరినంత మాత్రాన పాడైపోదన్నాడు. నెయ్యి కుండ లోతు నీళ్లలో పగిలితే పెంకులు మునుగుతాయి, నెయ్యి పైకి తేలుతుంది. ఆ పక్క సుత్తంలోనే ఇంకో పోలిక ఉంది. తూర్పుకి ఒరిగి పెరిగిన చెట్టును మొదట నరికితే అది తూర్పుకే పడుతుంది.

ఆత్మను ఒప్పుకోని మనకు ఈ ‘గతి’ మాట ఎందుకు అని కొందరు అడుగుతారు. అడగాల్సిందే. నేను చెప్పేది ఇంతవరకే: మనిషి ఉన్నట్టుండి పడిపోయినప్పుడు ఏ వైపు పడాలో అప్పుడు నిర్ణయించుకోలేడు. అంతకుముందే ఒరిగి ఉన్న వైపే పడతాడు. అతని ఇల్లు కూడా అంతే. ఈ పాఠమంతా ఆ ఇంటి గురించే.

మనసు సంగతి ముందు క్లుప్తంగా చూద్దాం. మరణానుస్సతి ఎలా చేస్తున్నారని నాదికలో బుద్ధుడు భిక్షువులను అడిగాడు. ఒక రాత్రీ పగలూ బతుకుతాననుకుని సాధన చేస్తున్నానని ఒకరు, ఒక్క పగలు అని ఒకరు, ఒక పూట భోజనం చేసేంతసేపు అని ఇంకొకరు చెప్పారు. వీళ్లది ఏమరుపాటే అన్నాడాయన. ఒక్క ముద్ద నమిలేంతసేపు, ఒక్క శ్వాస తీసి వదిలేంతసేపు అన్నవాళ్లనే మెచ్చుకున్నాడు. మనం బండి స్టార్ట్ చేసే ముందు మూడు శ్వాసలు గమనిస్తే మొదలుపెట్టినట్టే. ఇంకో మాట. పాళిలో పమాదం అంటే ఏమరుపాటు. తెలుగులో ప్రమాదం అంటే యాక్సిడెంట్. ఆ రెండు మాటలు ఎంత దగ్గరివో తొండుపల్లి జంక్షన్ దాటే ప్రతివాడికీ తెలుసు. హెల్మెట్ పెట్టుకుని పట్టీ బిగించడం అప్పమాదమే. అది చెయ్యకుండా ధ్యానం చేస్తాననడం నాకు అర్థం కాదు.

ఇక ఇంటి సంగతి. ఎయిర్‌పోర్ట్ కార్గోలో నైట్ డ్యూటీ చేసే ఒక ఉపాసకుడు ఉన్నాడనుకోండి. దీక్ష తీసుకుని ఆరేళ్లయింది. ఇంట్లో బుద్ధుడు, బాబాసాహెబ్ ఫొటోలు తప్ప వేరే పటం లేదు. తెల్లవారుజామున డ్యూటీ దిగి పాల్మాకుల వైపు బండి మీద పోతూ లారీ కింద పడ్డాడు. తొమ్మిది గంటలకల్లా ఇల్లంతా చుట్టాలే. అందరూ ప్రేమతోనే వచ్చారు. దీక్ష తీసుకోని పెదనాన్న, కులపెద్ద, వియ్యంకుడు. భార్యకు స్పృహ సరిగ్గా లేదు, పెద్దపిల్లకు పద్నాలుగేళ్లు. “ఏం చేద్దాం” అని ఎవరూ అడగరు, చేసుకుంటూ పోతారు. దింపుడు కల్లం, పిట్టకు పెట్టుడు, మూడొద్దులు, పదకొండొద్దులు, చివరికి ఆ ఇల్లాలి గాజులు పగలగొట్టి బొట్టు చెరుపుడు. శ్రాద్ధం చెయ్యను, పిండం పెట్టను అనేది 22 ప్రతిజ్ఞల్లో ఆరవది. బ్రాహ్మణుల చేత ఏ కర్మా చేయించను అనేది ఎనిమిదవది. ఆ ప్రతిజ్ఞలు చేసిన మనిషి మీదే అవి రెండూ తప్పాయి. తప్పించింది చుట్టాలు కాదు. వాళ్లకు తెలిసింది వాళ్లు చేశారు. మనకు ఏం కావాలో మనం ఎన్నడూ చెప్పలేదు.

బాబాసాహెబ్ విషయం చూడండి. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో దీక్ష. డిసెంబర్ 5 రాత్రి ‘బుద్ధుడు - ఆయన ధమ్మం’ గ్రంథానికి రాసుకున్న ముందుమాట కాగితాలు చూసుకుని పడుకున్నారు. 6 పొద్దున లేవలేదు. దీక్షకూ దానికీ మధ్య 53 రోజులే. ఆరోగ్యం బాగోలేదని అందరికీ తెలుసు, అయినా ఆ రాత్రి పోతారని ఎవరూ అనుకోలేదు. మర్నాడు ముంబైలో దాదర్ సముద్ర తీరాన అంత్యక్రియలు ఏ పద్ధతిలో చెయ్యాలో ఎవరికీ సందేహం రాలేదు. బౌద్ధ పద్ధతిలోనే జరిగాయి. ఆ చితి దగ్గరే ఎంతోమంది దీక్ష తీసుకున్నారు. పుస్తకం 1957లో అచ్చయింది. ఆయన ఎటు ఒరిగి ఉన్నారో లోకానికంతా ముందే తెలుసు. మన ఇంటి గడప లోపలైనా మన సంగతి తెలియాలి కదా.

చెప్పబోతే ఏమవుతుందో మీకు తెలుసు. “దీపాలు పెట్టే యాళ్ల ఇసొంటి మాటలేందయ్యా, తథాస్తు దేవతలుంటరు” అంటుంది ఆమె. ముక్కోటి దేవతలను వదిలేశాం గానీ తథాస్తు దేవతలు మాత్రం మన ఇళ్లలో ఇంకా అద్దె కట్టకుండా ఉంటున్నారు! కోప్పడకండి. నకులమాత కథ చెప్పండి. భగ్గుల దేశంలో సుంసుమారగిరి దగ్గర నకులపిత జబ్బుపడి చావుబతుకుల్లో ఉన్నాడు. ఆ మాట ఎత్తింది భార్యే. దిగులుతో పోవద్దంది. “నాకు పత్తి వడకడం వచ్చు, ఉన్ని చిక్కు తియ్యడం వచ్చు, పిల్లలను సాకుతాను, ఇల్లు నడుపుతాను, శీలం వదలను, బుద్ధుని దర్శనం మానను” అనే అర్థంలో ఒక్కొక్కటీ చెప్పింది. ఆ మాటలు వింటూ ఆయన కోలుకున్నాడు. బుద్ధుడు ఆయనతో, ఇలాంటి ఇల్లాలు ఉండడం నీ లాభం అన్నాడు. చూడండి, చావు గురించి ఆలుమగలు మాట్లాడుకుంటే కీడు జరగలేదు, జబ్బు తగ్గింది. ఆమె చెప్పినవాటిలో మొదటిది సంపాదన సంగతి కావడం కూడా గమనించండి.

అందుకే కాగితాల మాట. ఇది లౌకికం, ధమ్మం కాదు అనుకోవద్దు. బ్యాంకు, పీఎఫ్ నామినీ పేర్లు ఈ వారమే చూసుకోండి. పెళ్లికి ముందు నాన్న పేరు రాసి, నాన్న పోయాక కూడా మార్చనివాళ్లు చాలామంది. పీఎఫ్ ఉన్న ఉద్యోగి సర్వీసులో ఉండగా పోతే దానికి అనుబంధంగా ఉన్న బీమా కింద 7 లక్షల వరకు వస్తుంది. ఈఎస్‌ఐ కట్టే కార్మికుడు డ్యూటీకి పోతూనో వస్తూనో రోడ్డు మీద చనిపోతే, ఆ ప్రయాణం డ్యూటీదేనని తేలితే, ఉద్యోగ ప్రమాదంగానే లెక్క. కుటుంబానికి నెలనెలా పింఛను ఉంటుంది. మనం చెప్పుకున్న ఆ కార్గో ఉపాసకుడి భార్యకు ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే ఎంత తేడా! బ్యాంకులో ఏడాదికి 436 రూపాయలతో జీవన్ జ్యోతి, 20 రూపాయలతో సురక్షా బీమా ఉన్నాయి. ఒక్కోటి 2 లక్షలు. మొదటిది ఏ కారణంతో పోయినా వస్తుంది, రెండోది ప్రమాదానికి. మే నెలాఖరుకు ఖాతాలో డబ్బు లేకపోతే రెండూ ఆగిపోవచ్చు. భూమి ఉన్నవాళ్లు రైతుబీమా పత్రంలో ఎవరి పేరు ఉందో చూసుకోవాలి.

ప్రమాదం జరిగితే ఎఫ్‌ఐఆర్ నకలు, పోస్టుమార్టం రిపోర్టు తప్పక తీసుకోవాలి. “కొయ్యడం ఎందుకులే” అని బతిమాలి దేహాన్ని తెచ్చుకుంటే తర్వాత పరిహారం దగ్గర ఇల్లాలే తిరగాలి. మరణ నమోదు 21 రోజుల్లో చేయించాలి. వారసత్వంలో బౌద్ధులకు కూడా 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే వర్తిస్తుంది. వీలునామా లేకుండా మగమనిషి పోతే అతని స్వార్జితం భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి - అందరికీ సమాన వాటా. అన్నదమ్ములు ముందుకొచ్చి పెద్దరికం చేస్తే ఈ మాట గుర్తుండాలి. వేరేగా పంచాలనుకుంటే తెల్లకాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, వాళ్ల సంతకాలు పెట్టించినా వీలునామా చెల్లుతుంది.

మన ఎయిర్‌పోర్టులో ఇంకో దృశ్యం ఉంది. గల్ఫ్‌కు పోయే పిల్లలను ఒక గేటు దగ్గర సాగనంపుతాం. కొందరిని కార్గో వైపు గేటు దగ్గర పెట్టెలో తీసుకుంటాం. ఇమిగ్రేషన్ క్లియరెన్స్ మీద పోయే కార్మికుడికి ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి, ప్రమాద మరణానికి 10 లక్షలు. ఆ పాలసీ కాగితం ఫొటో, కంపెనీ పేరు, పాస్‌పోర్టు నకలు ఇంటి దగ్గర ఉంచే పోవాలి. అక్కడి గదిలో ఉంటే మనకు అక్కరకు రాదు.

ఏడుపు గురించి ఒక్క మాట. కొడుకు పాము కరిచి చనిపోతే ఇంట్లో ఎవరూ ఏడవలేదనే ఉరగ జాతకం కొందరు వక్తలు చావింట్లో చెప్తున్నారు. బిడ్డ పోయిన తల్లి ముందు ఆ కథ చెప్పడం నాకు నచ్చదు. బుద్ధుని చివరి రోజున ఆనందుడు తలుపు పట్టుకుని ఏడ్చాడు. బుద్ధుడు అతన్ని పిలిపించి ఓదార్చాడు, అతని సేవను మెచ్చుకున్నాడు. ఏడ్వనివ్వండి. పక్కన కూర్చోండి.

ఇక రాయాల్సిన కాగితం. వీలునామాలో కలపొద్దు, దాన్ని సాధారణంగా అన్నీ అయిపోయాకే తీస్తారు. విడిగా ఒక్క పేజీ చాలు. నేను ఫలానా రోజు దీక్ష తీసుకున్నాను. నా దేహం దగ్గర త్రిశరణ పంచశీల, బుద్ధ వందన చెప్పించండి. ఫలానా భంతేకు, లేకపోతే ఫలానా ఉపాసకుడికి ఫోన్ చెయ్యండి, నంబరు ఇది. కాల్చినా పూడ్చినా నాకు ఒకటే (ఊరి శ్మశానానికి వైకుంఠధామం అని బోర్డు ఉన్నా దిగులుపడకండి, మనం పోయేది వైకుంఠానికి కాదు). పిండం, పిట్టకు పెట్టుడు వద్దు. నా భార్య గాజులు, బొట్టు జోలికి ఎవరూ పోవద్దు. అవి ఆమె ఇష్టం. దినాలకు పెట్టే ఖర్చు పిల్లల చదువుకు ఉంచండి. పుణ్యానుమోదన సభ పెడితే నాలుగు మంచి మాటలు, ఒక దానం చాలు. కళ్లు దానం చెయ్యాలనుకుంటే అదీ రాయండి. కొన్ని గంటల్లోనే తీసుకోవాలి కాబట్టి ఇంట్లోవాళ్లకు ముందే తెలియాలి. అవయవదానానికి జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేసినా చివరికి అడిగేది కుటుంబాన్నే.

భార్య కూడా తన కాగితం తాను రాయాలి. చావు మగవాళ్లకే రాదు. ఇద్దరూ సంతకం చేసి, ఆదివారం వందన అయ్యాక పెద్దపిల్లల ముందు చదవండి. దీక్ష తీసుకోని అన్నకో బావమరిదికో కూడా ఒకసారి చూపించండి. ఆ రోజు ముందుకొచ్చేది వాళ్లే. నామినీల జాబితా, పాలసీ నంబర్లు దాంతోపాటు ఒకే కవరులో పెట్టి బాబాసాహెబ్ ఫొటో వెనక ఉంచండి. ఏటా డిసెంబర్ 6న తీసి, మారిన ఫోన్ నంబర్లు దిద్ది, కింద కొత్త తేదీ వేసి మళ్లీ అక్కడే పెట్టండి.