కంట్రోల్-ఎస్ నొక్కితే 40 బస్తాలు ఎటు పోయాయి?



కొల్లాపూర్ హాస్టల్లో మేమున్న రోజుల్లో భోజనాల వరుసలో గరిటె ముందు ఎవరి పళ్లెం ఉంటే అన్నం వాళ్లకే పడేది. వెనకున్నవాడు ఎంత ఆకలిగా ఉన్నా ఆగాల్సిందే. కంప్యూటర్ తెర మీద కూడా అంతే. ఫారంలో పది గడులున్నా, కర్సర్ మెరిసే గడికే మనం కొట్టిన అక్షరాలు చేరతాయి. దీన్నే ఫోకస్ అంటారు.

షార్ట్‌కట్ కీ మాత్రం ఫారం మొత్తానికీ చెందింది. కర్సర్ ఏ గడిలో ఉన్నా కంట్రోల్-ఎస్ కొడితే సేవ్ కావాలి. విండోస్ ఫారమ్స్‌లో ఫారం కీడౌన్ ఈవెంట్‌లో కోడు రాసి ఊరుకుంటే పని జరగదు. కీ నేరుగా గడికి పోతుంది. ఫారానికి కీప్రివ్యూ అనే ప్రాపర్టీ ఉంది, మొదట అది ఫాల్స్. ట్రూ చేస్తే కీ ముందు ఫారం దగ్గరికి వచ్చి, తర్వాత గడికి వెళ్తుంది. ఇంతవరకు పుస్తకాల్లో దొరుకుతుంది.

దొరకనిది మేము ఒక ఎరువుల దుకాణంలో నేర్చుకున్నాం. స్టాకు లెక్కకు ప్రోగ్రాం రాసిచ్చాం. అందులో చివరి గడి బస్తాల సంఖ్య. మౌసుతో ఆలస్యమవుతోందని గుమాస్తాకు కంట్రోల్-ఎస్ మేమే నేర్పాం. వానాకాలం యూరియా రద్దీ మొదలయ్యాక, కంప్యూటర్ చూపే బస్తాలు గోదాంలో లేవు. సేటు అనుమానం గుమాస్తా మీద పడింది.

"నేను కొట్టింది నా కండ్లార చూసిన బాబూ, తెర మీద 40 అనే ఉండె" అన్నాడాయన.

ఆయన పక్కనే ఒక పూట కూర్చుంటే తెలిసింది. గడిలో కనిపించే అంకె వేరు, దాని వెనక రికార్డులో ఉండే అంకె వేరు. కర్సర్ గడి దాటినప్పుడు వాలిడేటింగ్ ఈవెంట్ జరిగి, మొదటిది రెండోదానిలోకి చేరుతుంది. మౌసుతో సేవ్ బటన్ నొక్కితే ఫోకస్ బటన్ మీదికి పోతుంది కనుక 40 చేరేది. కంట్రోల్-ఎస్ కొడితే ఫోకస్ కదలదు. రికార్డులో ముందున్న సున్నాయే సేవ్ అయ్యేది. సేవ్ కాగానే ఫారం ఖాళీ అయ్యేలా రాసింది కూడా మేమే, ఇక ఆయనకు తప్పు ఎలా కనిపిస్తుంది?

మందు రెండే పంక్తులు. సేవ్ చేసే ముందు ఫారం వాలిడేట్ ఫంక్షన్‌ను పిలవాలి, అది ఫాల్స్ ఇస్తే అక్కడే ఆగాలి. ఆ తర్వాత బైండింగ్‌సోర్స్‌కు ఎండ్‌ఎడిట్. విజువల్ స్టూడియో 2005 తనంతట తాను రాసిచ్చే సేవ్ బటన్ కోడులో ఈ రెండూ ఉన్నాయి. షార్ట్‌కట్‌కు సొంత కోడు రాసుకుంటూ, అవసరం లేదనుకొని మేమే వదిలేశాం!

సేటు దగ్గరికి పోయి తప్పు మా కోడుదని చెప్పాం. పాత చీటీలు ముందేసుకొని, సున్నా పడిన ఎంట్రీలన్నీ గుమాస్తాతో కలిసి రెండు రాత్రులు దిద్దాం.

ల్యాబులో ఖాళీ దొరికితే రెండు గడుల ఫారం ఒకటి చేసి, చివరి గడిలో అంకె కొట్టి, ట్యాబ్ నొక్కకుండా కంట్రోల్-ఎస్‌తో సేవ్ చేసి చూడండి.