అచ్చు – అద్దకం

పాఠ్యభాగ ఉద్దేశం

చేతితో అచ్చువేసే కళారీతులను, వాటిని స్వల్పకాలిక కార్యశాలలలో అభ్యసించే విధానాన్ని పరిచయం చేయడం, చేతిపని విలువను గుర్తించే దృష్టిని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

వశిష్ఠ గోదావరి తీరాన, నరసాపురాన్ని ఆనుకొని మాధవాయపాలెం అనే ఊరున్నది. 17వ శతాబ్దంలో ఆంగ్లేయులు అక్కడ వర్తకస్థానం ఏర్పరచుకొన్నారు. ఆ రేవునుండి ఓడలకెక్కిన మెత్తని నూలుబట్టకు ఐరోపాలో ‘మదపొల్లం’ అనే పేరు స్థిరపడింది. ఊరి పేరే బట్ట పేరయింది. సమీపంలోని పాలకొల్లులో డచ్చివారు వస్త్రవ్యాపారం సాగించారు. గోదావరి డెల్టా కీర్తి ఒకనాడు వరిపంటతోపాటు నేతగాని మగ్గం మీద కూడా ఆధారపడి ఉండేదని దీనివల్ల తెలుస్తున్నది.

బట్ట నేయడం ఒక విద్య. నేసిన బట్టపై చెరగని బొమ్మను నిలపడం మరొక విద్య. ఈ రెండవ విద్య నేటికీ జీవించి ఉన్న చోటు డెల్టాకు పొరుగున, కృష్ణాజిల్లాలోని పెడన. గుడివాడనుండి మచిలీపట్నం పోయే రైలుమార్గంలో ఉన్న ఈ చిన్న పట్టణం అద్దకపు పనికి పేరుపొందింది. శ్రీకాళహస్తిలో కలంకారీ చిత్రాన్ని కలంతో గీస్తారు. మచిలీపట్నం, పెడన ప్రాంతాలలో టేకుచెక్కపై చెక్కిన అచ్చులతో అద్దుతారు. ఒకదానిలో గీత ప్రధానం, మరొకదానిలో ముద్ర ప్రధానం.

అద్దకపు పనిలో రహస్యమంతా క్రమంలో ఉన్నది. ముందుగా బట్టలోని గంజి పోయేటట్లు నానబెట్టి ఉతికి, కరక్కాయ కషాయంలో ముంచి ఆరవేస్తారు. నలుపు కోసం తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపునీటిలో కొన్నాళ్ళు ఊరవేస్తారు. ఆ నీటిలోని ఇనుము, బట్టలోని కరక్కాయ వగరు కలిసినచోట నలుపు పుడుతుంది. ఎరుపు కథ మరింత విచిత్రమైనది. ఎరుపు రావలసిన చోట అద్దేది ఎరుపురంగు కాదు, పటిక ద్రావణం. పటికకు స్వతహాగా రంగు లేదు. అద్దిన బట్టను ఉతికి, రంగునిచ్చే వేళ్ళతోనో చెక్కలతోనో మరిగించినప్పుడు పటిక తగిలిన భాగం మాత్రమే ఎరుపును పట్టుకొంటుంది. పూర్వం తీరభూములలో దొరికే చిరివేరు ఈ ఎరుపుకు ప్రసిద్ధి. బట్టను పారేనీటిలో ఉతకడానికి కూడా కారణమున్నది. నిలవనీటిలో ఉతికితే, వదలిన రంగు తిరిగి తెల్లని భాగాలపై చేరి మచ్చలు వేస్తుంది. అందుచేత ఈ కళకు కాలువ కూడా ఒక పనిముట్టే.

ఇంతటి విద్యను మూడు నాలుగు రోజుల కార్యశాలలో నేర్చుకోవడం సాధ్యమా? పూర్తిగా సాధ్యం కాదు. అయితే అచ్చుకళకు మూలమైన సూత్రాలను ఆ కొద్దిరోజులలోనే చేతితో తెలుసుకోవచ్చు. టేకుచెక్కను చెక్కడానికి చాలాకాలపు సాధన కావాలి కనుక, కొత్తవారికి తరచుగా మెత్తని లినోలియం పలకను ఇస్తారు. ఒక పలక, చిన్న ఉలి, సిరా, రోలరు, కాగితం ఉంటే పని మొదలవుతుంది. ముద్రాయంత్రం లేకపోయినా, కాగితం వెనుక గరిటె వీపుతో రుద్ది బొమ్మను దింపవచ్చు.

మొదటి పాఠం ఎడమకుడుల మార్పు. తన పేరును ఉన్నదున్నట్లుగా చెక్కిన విద్యార్థికి కాగితంపై అది అద్దంలోని నీడవలె కనిపిస్తుంది. పేరు సరిగా రావాలంటే పలకపై తిప్పి వ్రాయాలి. రెండవ పాఠం తీసివేత. చిత్రకారుడు తెల్లకాగితంపై రంగును చేరుస్తాడు. అచ్చు చెక్కేవాడు తెల్లగా ఉండవలసిన భాగాన్ని తొలగిస్తాడు. ఒకసారి తెగిన ముక్క మరల అతకదు. అందువల్ల ఉలిపెట్టే ముందే ఆలోచించడం అలవడుతుంది. ఉలి నడిచే దారిలో రెండవ చేయి ఉండరాదనే జాగ్రత్త కూడా తొలిరోజే నేర్పుతారు. మూడవ పాఠం కూర్పు. రెండవ రంగు పలక మొదటి ముద్రపై సరిగా కూర్చోవాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆకు ఒకచోట, దాని అంచు మరొకచోట పడతాయి.

లినోలియం అచ్చు సామాన్యమైన పనిముట్టే అయినా దాని శక్తి సామాన్యం కాదు. 1930లో గాంధీజీ దండియాత్రను స్మరిస్తూ నందలాల్ బోస్ చేతికర్రతో నడిచే మహాత్ముని రూపాన్ని ఈ పద్ధతిలోనే చెక్కారు. నలుపుతెలుపులలోని ఆ చిత్రం జాతీయోద్యమానికే చిహ్నమయింది. శాంతినికేతనంలో నందలాల్ వద్ద చదువుకొన్న తెలుగువారిలో చిత్తూరు జిల్లాలో 1925లో జన్మించిన కృష్ణారెడ్డి ఒకరు. ఆయన పారిస్‌లో స్టాన్లీ విలియం హేటర్ నడిపిన ‘ఆతెల్యే 17’ అనే కార్యశాలలో చేరారు. అక్కడ గురుశిష్యులు ఒకే బల్లచుట్టూ పనిచేస్తూ, ఒకరి ప్రయోగంనుండి మరొకరు నేర్చుకొనేవారు. కృష్ణారెడ్డి, కైకో మోతీ కలసి అక్కడ ఒక కొత్త పద్ధతిని రూపొందించారు. లోహపురేకును వేర్వేరు లోతులలో చెక్కి, స్నిగ్ధతలో తేడా ఉన్న రంగులను మెత్తని, గట్టి రోలర్లతో పూస్తే అవి ఒకదానిలో ఒకటి కలిసిపోవు. ఒకే రేకునుండి, ఒకే అదుముతో బహువర్ణచిత్రం వెలువడుతుంది. ఈ ప్రయోగంతో ఆయన విశ్వఖ్యాతి పొందారు. 1972లో పద్మశ్రీ పురస్కారం అందుకొన్నారు. 2018లో న్యూయార్క్‌లో కన్నుమూశారు. ఒంటరి ప్రతిభకంటె కలసి చేసే పని గొప్ప ఫలితమివ్వగలదని ఆయన జీవితం నిరూపిస్తున్నది.

కొద్దిరోజుల శిక్షణ కళను కాలక్షేపంగా మారుస్తుందని కొందరి ఆక్షేపణ. ఇందులో కొంత నిజమున్నది. నాలుగు రోజులు ఉలిపట్టినవాడు శిల్పి కాడు. తరతరాలుగా అచ్చులు చెక్కే కుటుంబాల నేర్పుతో అతని పనిని పోల్చరాదు. కాని కార్యశాల ప్రయోజనం వేరొకటున్నది. నేడు చేతి అద్దకానికి పెద్ద పోటీ స్క్రీన్ ముద్రణ, యంత్రముద్రణలది. కలంకారీ నమూనాలను రసాయనపు రంగులతో వేగంగా ముద్రించి, తక్కువ ధరకు అమ్ముతున్నారు. కొనేవారికి భేదం తెలియకపోతే అసలు పనివానికి కూలి గిట్టదు. కూలి గిట్టని విద్యను అతని పిల్లలు నేర్చుకోరు. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది. అయినా చట్టం ఇచ్చిన గుర్తింపును కొనేవారి కన్ను కూడా గ్రహించాలి. చేతి అచ్చులో ముద్రకు ముద్రకు మధ్య స్వల్పభేదం, అతుకువద్ద కొంచెం చిక్కబడిన రంగు కనబడతాయి. అవి లోపాలు కావు, మనిషి చేయి తగిలిన గుర్తులు. స్వయంగా ఒక్క పలకనైనా చెక్కి ముద్రతీసిన విద్యార్థి ఆ గుర్తులను వెంటనే పోల్చుకొంటాడు, అడిగిన ధర ఎందుకు న్యాయమో గ్రహిస్తాడు.

కాబట్టి రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం వంటి పట్టణాల కళాశాలలు సెలవులలో ఇటువంటి కార్యశాలలు నిర్వహించుకోవడం మేలు. నేర్పే పనివారిని అతిథులుగా కాక ఆచార్యులుగా భావించి, వారి శ్రమకు తగిన ప్రతిఫలం ఇవ్వాలి. నేర్చుకొన్నవారిలో ఏ ఒక్కరో కళాకారులు కావచ్చు. మిగిలినవారు చేతిపనిని గుర్తెరిగి ఆదరించేవారయితే, పెడనలో అచ్చు బట్టపై పడే చప్పుడు ఆగకుండా ఉంటుంది.

కఠినపదాలకు అర్థాలు

వర్తకస్థానం = వ్యాపారపు కొలువు
కషాయం = మూలికలు మరిగించిన నీరు
స్నిగ్ధత = జిగురు, చిక్కదనం
బహువర్ణచిత్రం = అనేక రంగుల బొమ్మ
ఆక్షేపణ = అభ్యంతరం

ప్రశ్నలు

వ్యాసరూప సమాధాన ప్రశ్న
1. స్వల్పకాలిక కార్యశాలల ప్రయోజనాన్ని, పరిమితిని పాఠం ఆధారంగా వివరించండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. అద్దకంలో నలుపు, ఎరుపు రంగులు ఏర్పడే విధానాన్ని తెలపండి.
2. అచ్చు చెక్కడంలో విద్యార్థి నేర్చుకొనే మూడు పాఠాలు ఏవి?

ఏకపద/వాక్య సమాధాన ప్రశ్నలు
1. ‘మదపొల్లం’ అనే పేరు ఏ ఊరినుండి వచ్చింది?
2. కృష్ణారెడ్డి పారిస్‌లో చేరిన కార్యశాల పేరేమి?