లాగర్ బీరుకు ఈస్ట్ స్ట్రెయిన్ ఎంపిక: కృష్ణా డెల్టా ఉష్ణోగ్రతల దృష్ట్యా పరిశీలన

డెల్టాలో వరి వంగడాన్ని ఎంచుకొనేటప్పుడు దిగుబడితో పాటు నేల, కాలువ నీరు, కాలం కూడా లెక్కలోకి వస్తాయి. ఈస్ట్‌కూ ఇదే సూత్రం వర్తిస్తుంది. పాత్రను ఏ ఉష్ణోగ్రత వద్ద నిలపగలరో తేలిన తరువాతే స్ట్రెయిన్ పేరు చర్చకు రావాలి.

జాతి స్వభావం

లాగర్ ఈస్ట్ శాకరోమైసెస్ పాస్టోరియానస్. ఇది సెరివిసియే, యుబయానస్ జాతుల సంకరం. పటగోనియా అడవుల్లో లభించిన యుబయానస్‌ను 2011లో వర్ణించారు. చలిని ఓర్చుకొనే గుణం దీని నుంచే సంక్రమించింది. 1883లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే కణం నుంచి శుద్ధ వర్ధనాన్ని సాధించడంతో స్ట్రెయిన్ ఎంపికకు శాస్త్రీయ పునాది ఏర్పడింది.

లాగర్ ఈస్ట్‌లలో రెండు వర్గాలున్నాయి. సాజ్ వర్గం చల్లని స్థితిలో బాగా పెరుగుతుంది కాని మాల్టోట్రయోజ్ చక్కెరను సరిగా వినియోగించుకోదు. ఫ్రోబెర్గ్ వర్గం ఆ చక్కెరను వాడుకొంటుంది, కొంత వెచ్చదనాన్నీ సహిస్తుంది. విస్తృతంగా వాడే డబ్ల్యూ-34/70 ఈ వర్గానిదే.

స్థానిక సమస్య

లాగర్ సాధారణంగా 8–14 °C వద్ద పులుస్తుంది. విజయవాడలో వేసవి పగలు తరచు 40 °C దాటుతుంది. శీతాకాలపు రాత్రులు కూడా 14 °C కు దిగడం అరుదు. పైగా పులిసేటప్పుడు వెలువడే వేడి వల్ల పాత్ర లోపలి ఉష్ణోగ్రత గది కంటే ఎక్కువగా ఉంటుంది. వేడి పెరిగితే ఎస్టర్లు, ఫ్యూజెల్ ఆల్కహాల్‌లు అధికమై లాగర్‌కు ఉండవలసిన శుభ్రమైన రుచి పోతుంది. చల్లగా పులియబెట్టినప్పుడు ఈస్ట్ మోతాదు ఎక్కువ కావాలి. చివరలో ఉష్ణోగ్రతను రెండు రోజులు 15–18 °C కు పెంచితే వెన్న వాసననిచ్చే డయాసిటైల్ తగ్గుతుంది.

గుర్తింపు పరీక్షలు

విద్యార్థులు రెండు సులభ పరీక్షలు చేయవచ్చు. మొదటిది, ఒకే మాధ్యమంపై 25 °C, 37 °C వద్ద పెంచి చూడడం: లాగర్ ఈస్ట్ 37 °C వద్ద పెరగదు, సెరివిసియే పెరుగుతుంది. రెండవది, మెలిబయోజ్ చక్కెర పరీక్ష: లాగర్ ఈస్ట్ దానిని పులియబెడుతుంది, సాధారణ ఏల్ ఈస్ట్ పులియబెట్టదు. పోలిక కోసం తాటికల్లు నుంచి వేరుచేసిన సెరివిసియేను వాడవచ్చు. అయితే కల్లులో జైమోమోనాస్ వంటి బాక్టీరియా కూడా ఉంటాయి గనుక ముందుగా దానిని శుద్ధ వర్ధనంగా మార్చుకోవాలి.

సిఫారసు

10 °C వద్ద స్థిరంగా ఉంచగల శీతల పేటిక ఉన్నచోట రెండు వర్గాలూ పనికివస్తాయి. ఉష్ణోగ్రత 12–18 °C మధ్య మారేచోట ఫ్రోబెర్గ్ మేలు. శీతలీకరణ లేనిచోట లాగర్ ఈస్ట్‌ను సూచించరాదు. వేడిని తట్టుకొనే సెరివిసియేను తీసుకొని, ఉత్పత్తిని ఏల్‌గానే పేర్కొనడం ఉచితం. ఈ విచక్షణ లేకుండా ఇచ్చిన సలహా వల్ల ఒక విడత మాల్టు, విద్యుత్తు, శ్రమ వృథా అవుతాయి. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం, 1968 ప్రకారం లైసెన్సు లేని తయారీ నేరం. కాబట్టి ఇళ్లలో తయారీకి సలహా ఇవ్వరాదు, పరీక్షలను అనుమతి పొందిన ప్రయోగశాలలకే పరిమితం చేయాలి.